ఫ్రీ ఏజెన్సీ 2025: తొలి రోజుల్లో ఎవరు ఎటు వెళ్లారు, ఎవరి బేరం నిలుస్తుంది?

ఫిల్లీ పక్షి | మార్చి 10, రాత్రి 9:10

మిత్రులారా, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒప్పందం ముగిసిన ఆటగాళ్లు కొత్త జట్టును ఎంచుకునే ఫ్రీ ఏజెన్సీకి ఈ మధ్యాహ్నం 12 గంటలకు తలుపులు తెరిచారు. సాయంత్రానికే మా ఫిలడెల్ఫియా ఈగల్స్ రక్షణ వరుస సగం ఖాళీ అయింది. మిల్టన్ విలియమ్స్ న్యూ ఇంగ్లండ్‌కు వెళ్తున్నాడు, 4 ఏళ్లకు 10.4 కోట్ల డాలర్లు. జాష్ స్వెట్ అరిజోనాకు వెళ్తున్నాడు, 4 ఏళ్లకు 7.64 కోట్లు. నెల రోజుల క్రితం, ఫిబ్రవరి 9న న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్లో, కాన్సస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) మహోమ్స్‌ను ఊపిరి తీసుకోనివ్వనివాళ్లలో ముందున్నది ఈ ఇద్దరే. స్వెట్‌కు రెండున్నర శాక్‌లు (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం), విలియమ్స్‌కు రెండు. నాలుగో క్వార్టర్‌లో విలియమ్స్ మహోమ్స్ చేతిలోంచి బంతి రాలగొట్టి, తనే దాని మీద పడి లేచాడు. ఆ దృశ్యం ఇంకా కళ్ల ముందే ఉంది.

ఈ ఏడాది శాలరీ క్యాప్, అంటే ఒక్కో జట్టు జీతాల గరిష్ఠ పరిమితి, 27.92 కోట్ల డాలర్లు. నిరుడు 25.54 కోట్లు. అందరి దగ్గరా డబ్బు పెరిగింది కాబట్టి ధరలూ పెరిగాయి. కానీ విలియమ్స్‌కు ఏటా 2.6 కోట్లా? డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట) మూడో రౌండ్‌లో వచ్చి, మా దగ్గర ప్రతి ఆటా మొదటి నుంచి ఆడనివాడు. అతని ఎదుగుదల చూసి నేను ఎంతో ఆనందించాను. అయినా ఆ ధరకు వదిలేయడమే సరైన పని అని నా గట్టి అభిప్రాయం. మీరందరూ ఏమంటారు?

విశాఖ తీరం | మార్చి 10, రాత్రి 9:45

నమస్కారం. ఇక్కడ తెల్లవారింది. మీ మధ్యాహ్నం 12 అంటే మాకు రాత్రి తొమ్మిదిన్నర కాబట్టి మొదటి నుంచి చూస్తూ కూర్చున్నాను. నాకు క్రికెట్ వేలం బాగా తెలుసు. ఈ పద్ధతి మాత్రం ఇప్పుడిప్పుడే పట్టుబడుతోంది. ఒక సందేహం తీర్చండి. కొత్త లీగ్ సంవత్సరం బుధవారం సాయంత్రం 4 గంటలకు మొదలవుతుందని అంటున్నారు. అప్పటివరకు సంతకాలు ఉండవు. మరి ఈ రోజు వస్తున్న అంకెలన్నీ ఎక్కడివి? ఎవరైనా మాట తప్పితే ఎలా?

క్యాప్ లెక్కలు | మార్చి 10, రాత్రి 10:20

విశాఖ గారూ, మంచి ప్రశ్న. సోమవారం మధ్యాహ్నం నుంచి బుధవారం సాయంత్రం వరకు ఉన్నది మాట్లాడుకునే గడువు మాత్రమే. ఇతర జట్ల ఆటగాళ్ల ఏజెంట్లతో బేరమాడవచ్చు, నోటిమాటగా ఒప్పుకోవచ్చు. సంతకం మాత్రం చెల్లదు. ఆటగాడిని ఊరికి పిలిపించి వైద్య పరీక్షలు చేయించడానికీ వీల్లేదు. ఆ హద్దు దాటితే శిక్ష ఉంటుంది. నిరుడు క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్ విషయంలో అట్లాంటా జట్టు ఈ నియమాన్ని మీరిందని లీగ్ తేల్చింది. 2025 డ్రాఫ్ట్‌లో ఐదో రౌండ్ పిక్ (ఎంపిక వంతు) తీసేసుకుని, 2.5 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

మాట తప్పినవాళ్లూ ఉన్నారు. 2019లో ఆంథనీ బార్ న్యూయార్క్ జెట్స్‌కు సరేనన్నాడు. మనసు మార్చుకుని మిన్నెసోటాలోనే ఉండిపోయాడు. నోటిమాటకు చట్టబలం లేదు. అయితే అలా జరగడం అరుదు. ఎందుకంటే ఆ ఏజెంటు వచ్చే ఏడాది మళ్లీ అదే జట్టు గడప తొక్కాలి.

ఫ్రిస్కో వాసి | మార్చి 10, రాత్రి 10:31

బార్ సంగతి ఎందుకు, మా గాయం ఉండగా. 2022లో ర్యాండీ గ్రెగరీ డల్లాస్‌లోనే ఉంటాడని మా జట్టు స్వయంగా ప్రకటించింది. కొద్దిసేపటికే ఒప్పందం రాతలో ఒక షరతు దగ్గర పేచీ వచ్చింది. అతను డెన్వర్‌కు వెళ్లిపోయాడు. అప్పటి నుంచి సంతకం పడేదాకా నేను ఏ వార్తనూ నమ్మను.

కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం మా ఊళ్లోనే ఉంది. మా కాలనీలో సగం తెలుగు కుటుంబాలే. పిల్లలంతా ఆ నక్షత్రం బొమ్మ చొక్కాలే వేసుకుంటారు. ఈ రోజు బడి నుంచి వచ్చి మా వాడు అడిగిన మొదటి ప్రశ్న: "నాన్నా, మనం ఎవరిని తీసుకున్నాం?" బయటి నుంచి చెప్పుకోదగ్గవాళ్లు ఎవరూ లేరు. ఓసా ఒడిగిజువాను 4 ఏళ్లకు 8 కోట్లు ఇచ్చి నిలబెట్టుకున్నారు, అది మంచి పనే. మిగతా లీగ్ అంతా కొంటుంటే మేము చేతులు కట్టుకుని కూర్చోవడం చూస్తే కడుపు మండుతోంది. మేము చివరిసారి గెలిచిన సూపర్ బౌల్ 1996 జనవరిలో.

జెర్సీ నీలం | మార్చి 10, రాత్రి 11:05

ఫ్రిస్కో గారూ, మీ బాధ కంటే నా బాధ పెద్దదని చెప్పను గానీ, సేక్వాన్ బార్క్లీని చేతులారా పక్క ఊరి శత్రువుకు అప్పగించిన జట్టు మాది. 2024 మార్చిలో ఇదే సోమవారం అతను న్యూయార్క్ జెయింట్స్ వదిలి ఫిలడెల్ఫియాకు వెళ్లాడు. 3 ఏళ్లకు 3.775 కోట్లు, అందులో 2.6 కోట్లు గ్యారంటీ. పెద్ద మొత్తమేమీ కాదు. అంతకు ముందు ఏడాది మేము క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌కు 4 ఏళ్లకు 16 కోట్లు రాసిచ్చాం, బార్క్లీకి ఫ్రాంచైజ్ ట్యాగ్ (బయటికి వెళ్లనీయకుండా ఒక్క ఏడాదికి ఉంచుకునే హక్కు) వేసి కట్టిపడేశాం. ఫలితం అందరికీ తెలుసు. జోన్స్‌ను నవంబరులో వదిలేశాం. బార్క్లీ 2,005 గజాలు పరుగెత్తి సూపర్ బౌల్ ఉంగరం తొడుక్కున్నాడు. గత వారమే ఈగల్స్ అతనికి ఇంకో 2 ఏళ్లు, 4.12 కోట్లు ఇచ్చింది. ఏడాదికి 2 కోట్లు దాటిన తొలి రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) అతనే.

రన్నింగ్ బ్యాక్‌ల విషయంలో ఈ లీగ్ చాలాకాలంగా అన్యాయం చేస్తోంది. మొదటి ఒప్పందంలో తక్కువ జీతానికి వందలసార్లు ఢీకొట్టిస్తారు. రెండో ఒప్పందం వేళకు "ఒళ్లు అరిగిపోయింది" అని పెదవి విరుస్తారు. 2024లో ఆ ధోరణి కాస్త మారింది. డెరిక్ హెన్రీ బాల్టిమోర్ వెళ్లి 30 ఏళ్ల వయసులో 1,921 గజాలు తీశాడు. అతనికి ఇచ్చింది 2 ఏళ్లకు 1.6 కోట్లు. తొలి రోజుల బేరాల్లో అంతకంటే గొప్పది నాకు గుర్తు లేదు.

ఫిల్లీ పక్షి | మార్చి 10, రాత్రి 11:20

జెర్సీ అన్నా, నవంబరులో జాక్సన్‌విల్ మీద బార్క్లీ వెనక్కి తిరిగి, వీపు అటు పెట్టి, మనిషి మీదుగా ఎగిరాడు చూశారా? ఆ రాత్రి నేను ఆ ఒక్క దృశ్యాన్ని ఎన్నిసార్లు చూశానో. మీ జట్టు అతన్ని ఉంచుకోవాల్సింది. ఇది మనస్ఫూర్తిగా అంటున్నాను.

జెర్సీ నీలం | మార్చి 10, రాత్రి 11:24

చూశాను. చప్పట్లు కూడా కొట్టాను. ఆ మనిషి మీద కోపం రాదు.

విశాఖ తీరం | మార్చి 11, ఉదయం 8:15

క్యాప్ గారూ, ధన్యవాదాలు. ఇప్పుడు నాకు ఒక తేడా స్పష్టంగా కనిపిస్తోంది. మా సిరాజ్ ఏడేళ్లు బెంగళూరుకు ఆడాడు. వాళ్లు నిలబెట్టుకోలేదు. జెద్దా వేలంలో గుజరాత్ 12.25 కోట్ల రూపాయలకు తీసుకుంది. ఏ ఊరికి ఆడాలో చెప్పే అవకాశం అతనికి లేదు. ఎవరి చెయ్యి చివరగా లేస్తే వాళ్లది. ఇక్కడ ఆటగాడు కూర్చుని ఎంచుకుంటున్నాడు. ఏ కోచ్, ఏ ఊరు, ఎంత గ్యారంటీ, అన్నీ తూచుకుంటున్నాడు. ఈ హక్కు మొదటి నుంచీ ఉందా?

క్యాప్ లెక్కలు | మార్చి 11, ఉదయం 9:40

లేదు, కోర్టుల్లో పోరాడి సంపాదించుకున్నది. అంతకు ముందు ఒప్పందం ముగిసినా ఆటగాడు దాదాపుగా పాత జట్టు చేతిలోనే ఉండేవాడు. 1992లో ఫ్రీమన్ మెక్‌నీల్ అనే రన్నింగ్ బ్యాక్, మరికొందరు ఆటగాళ్లు లీగ్ మీద వేసిన దావాలో జ్యూరీ ఆటగాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. దాని తర్వాతే రాజీ కుదిరి, 1993లో నిజమైన ఫ్రీ ఏజెన్సీ మొదలైంది. ఆ ఏడాది అందరూ వెంటపడ్డ మనిషి రెజ్జీ వైట్. ఫిలడెల్ఫియా వదిలి, చలికి భయపడి ఎవరూ వెళ్లరని పేరుపడ్డ గ్రీన్ బేకి వెళ్లాడు. 4 ఏళ్లకు 1.7 కోట్ల డాలర్లు. ఆ తర్వాత గ్రీన్ బే సూపర్ బౌల్ గెలిచింది. బదులుగా యజమానులు పుచ్చుకున్నది శాలరీ క్యాప్. 1994లో అది 3.46 కోట్లు. ఇప్పుడు దానికి ఎనిమిది రెట్లు.

అసలు సంగతి ఏమిటంటే, పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వచ్చే మొత్తం చూసి మోసపోవద్దు. ఈ ఆటలో ఒప్పందం మొత్తానికి గ్యారంటీ ఉండదు. 4 ఏళ్లు అని రాసినా, రెండో ఏడు ముగిశాక జట్టు "ఇక చాలు" అనవచ్చు. కాబట్టి చూడాల్సింది రెండే: గ్యారంటీ ఎంత, సంతకం రోజు చేతికి వచ్చే బోనస్ ఎంత. కర్క్ కజిన్స్ పేరు చరిత్రలో నిలిచేది అందుకే. 2018లో మిన్నెసోటాతో అతను రాయించుకున్న 3 ఏళ్ల 8.4 కోట్లు మొత్తం గ్యారంటీ.

బోనస్ మాయ ఇలా ఉంటుంది. ఒక ఆటగాడికి 3 కోట్ల బోనస్‌తో 5 ఏళ్ల ఒప్పందం ఇచ్చారనుకోండి. డబ్బు అతనికి తొందరగానే అందుతుంది. క్యాప్ లెక్కలో మాత్రం ఏటా 60 లక్షల చొప్పున రాస్తారు. అందుకే తొలి ఏడాది అంకె చిన్నగా కనిపిస్తుంది, జట్టు ఇంకొకరిని కొంటుంది. రెండేళ్లకే అతన్ని వదిలేస్తే మిగిలిన 1.8 కోట్లు ముందుకు వచ్చి మీద పడతాయి. మనిషి ఇంట్లో లేడు, ఖర్చు మాత్రం పద్దులో ఉంటుంది. దీన్నే డెడ్ మనీ అంటారు. నిరుడు క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్‌ను వదిలించుకోవడానికి డెన్వర్ రెండేళ్లలో 8.5 కోట్ల డెడ్ మనీ మోయాల్సి వచ్చింది. లీగ్ చరిత్రలో అంత మొత్తం అంతకు ముందు లేదు. అదే విల్సన్‌ను పిట్స్‌బర్గ్ 12.1 లక్షలకు ఆడించుకుంది.

ఫ్రిస్కో వాసి | మార్చి 11, ఉదయం 10:02

ఇంత వివరంగా నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఈ వ్యాఖ్యను పైన కట్టి ఉంచాలని నిర్వాహకులను కోరుతున్నాను.

ఫిల్లీ పక్షి | మార్చి 11, మధ్యాహ్నం 12:50

నా మొదటి మాటకు తిరిగి వస్తాను. మా జనరల్ మేనేజర్ హౌయీ రోజ్‌మన్ పెద్ద ఆటగాళ్లను వదులుకోవడం వెనుక ఒక లెక్క ఉంది. ఒప్పందం ముగిసిన ఆటగాడు వేరే జట్టుకు పెద్ద మొత్తానికి వెళ్తే, పాత జట్టుకు మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో పరిహారంగా అదనపు పిక్ వస్తుంది. పోగొట్టుకున్నదానికీ కొన్నదానికీ ఉన్న తేడాను బట్టి లీగ్ ఇస్తుంది. విలియమ్స్, స్వెట్ ఇద్దరూ ఆ లెక్కలోకి వస్తారు. అందుకే ఈగల్స్ ఇప్పుడు పెద్దగా కొనదు. ఇతర జట్లు వదిలేసినవాళ్లను, చిన్న ఒప్పందాలకు వచ్చేవాళ్లను తెచ్చుకుంటుంది. వదిలేసినవాళ్లు ఆ లెక్కలో పడరు.

మా జట్టుకు ఈ బుద్ధి ఊరికే రాలేదు. 2011 వేసవిలో మేము ఊరంతా కొన్నాం. నామ్‌డీ అసోముగాకు 5 ఏళ్లకు 6 కోట్లు ఇచ్చాం. కలల జట్టు అని మా ఆటగాడే ఒకడు అన్నాడు. 8 గెలిచి 8 ఓడాం. ఇక నిరుడు చూడండి. జాక్ బాన్‌ను ఒక్క ఏడాదికి 35 లక్షలకు తెచ్చారు. న్యూ ఆర్లియన్స్‌లో అతని పని ఎక్కువగా కిక్‌ల వేళ పరుగెత్తడమే. మా రక్షణ కోచ్ విక్ ఫాంజియో అతన్ని మధ్యలో లైన్‌బ్యాకర్‌గా (రక్షణ వరుస వెనుక ఆడేవాడిగా) నిలబెట్టాడు. ఆల్-ప్రో (లీగ్‌లో ఏడాది అత్యుత్తమ ఆటగాళ్ల జాబితా) అయ్యాడు, సూపర్ బౌల్‌లో మహోమ్స్ విసిరిన బంతిని మధ్యలోనే లాక్కున్నాడు. ఇప్పుడు 3 ఏళ్లకు 5.1 కోట్లతో మా దగ్గరే ఉంటున్నాడు. మెకై బెక్టన్‌ను నిరుడు ఏప్రిల్ చివరిదాకా ఎవరూ తీసుకోలేదు. మా లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్ అతన్ని టాకిల్ (లైన్ చివర) నుంచి గార్డ్‌గా (సెంటర్ పక్కన) మార్చాడు. అతనూ ఉంగరం గెలిచాడు.

తొలి రోజు కొనేది నిన్నటి ఆటను. మాకు కావలసింది రేపటి ఆట. దాన్ని కోచ్‌లు తయారుచేయాలి. పైగా మా రక్షణ వరుసలోని జేలెన్ కార్టర్‌కు పెద్ద ఒప్పందం ఇవ్వాల్సిన రోజు దగ్గర్లోనే ఉంది. ఇవాళ విలియమ్స్‌కు 2.6 కోట్లు ఇస్తే రేపు కార్టర్‌కు ఏమి మిగులుతుంది?

బోస్టన్ తెలుగు | మార్చి 11, మధ్యాహ్నం 1:35

ఫిల్లీ గారూ, మీ మాటలో నిజం ఉంది. కానీ అందరి ఇల్లూ మీ ఇల్లులా లేదు. మా పేట్రియట్స్ వరుసగా రెండేళ్లు 4 గెలిచి 13 ఓడింది. లీగ్‌లో అందరికంటే ఎక్కువ క్యాప్ ఖాళీ మాకే ఉంది. డ్రేక్ మే ఇంకా తొలి ఒప్పందంలోనే ఉన్నాడు, అంటే క్వార్టర్‌బ్యాక్ జీతం తక్కువ. ఇప్పుడు ఖర్చు పెట్టకపోతే ఇంకెప్పుడు? విలియమ్స్‌కు 26 ఏళ్లు కూడా నిండలేదు. నిన్న అతను కరోలినాకు వెళ్తున్నట్టే వార్తలు వచ్చాయి. మా వాళ్లు చివర్లో ధర పెంచి లాక్కున్నారు. గ్యారంటీ 6.3 కోట్లు. కార్ల్‌టన్ డేవిస్, హారల్డ్ లాండ్రీ, రాబర్ట్ స్పిలేన్ కూడా వస్తున్నారు. కొత్త కోచ్ మైక్ వ్రేబెల్‌కు మొదటి ఏడాదే ఒక రక్షణ జట్టును చేతిలో పెట్టారు. ధర ఎక్కువే, ఒప్పుకుంటాను. గెలుపు మరిచిపోయిన జట్టుకు ఆటగాళ్లు రావాలంటే కొంత ఎక్కువ ఇవ్వాల్సిందే.

చికాగో గాలి | మార్చి 11, రాత్రి 8:10

మా బేర్స్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నిరుడు మా క్వార్టర్‌బ్యాక్ కేలెబ్ విలియమ్స్‌ను 68 సార్లు పడగొట్టారు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. ప్రతి ఆదివారం ఆ కుర్రాడు లేచి నిలబడేదాకా ఊపిరి బిగపట్టుకునేవాళ్లం. కొత్త కోచ్ బెన్ జాన్సన్ రాగానే ముందు అతన్ని కాపాడే లైన్ మధ్య భాగం మొత్తం మార్చారు. కాన్సస్ సిటీ నుంచి జో థూనీ, 2026 నాలుగో రౌండ్ పిక్‌కు. నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచిన మనిషి. రామ్స్ నుంచి జోనా జాక్సన్. నిన్న సెంటర్ డ్రూ డాల్మన్, 3 ఏళ్లకు 4.2 కోట్లు. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడటానికి పెట్టిన డబ్బు ఎప్పుడూ వృథా కాదు.

బే ఏరియా ఎరుపు | మార్చి 12, సాయంత్రం 6:30

సంతకాలు మొదలయ్యాయి. మా శాన్ ఫ్రాన్సిస్కో నైనర్స్ ఇల్లు చూస్తే గుండె తరుక్కుపోతోంది. హుఫంగా, గ్రీన్‌లా ఇద్దరూ డెన్వర్‌కు. ఆరన్ బ్యాంక్స్ గ్రీన్ బేకి, 4 ఏళ్లకు 7.7 కోట్లు. చార్వేరియస్ వార్డ్ ఇండియానాపొలిస్‌కు, 3 ఏళ్లకు 6 కోట్లు. డీబో శామ్యూల్‌ను ఐదో రౌండ్ పిక్‌కు వాషింగ్టన్‌కు పంపేశారు. ఏడాది క్రితం సూపర్ బౌల్ ఆడిన జట్టు ఇది.

కారణం అర్థమవుతోంది. బ్రాక్ పర్డీ 2022 డ్రాఫ్ట్‌లో ఆఖరి పిక్. ఇన్నాళ్లూ ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు జీతానికి ఆడాడు. ఆ చవక క్వార్టర్‌బ్యాక్ చుట్టూనే మిగతా ఖరీదైన జట్టు నిలబడింది. ఇప్పుడు అతనికి న్యాయంగా ఇవ్వాల్సిన సమయం వచ్చింది. అందరినీ ఉంచుకోలేరు.

గ్రీన్‌లా సంగతి మాత్రం మరువలేను. 2024 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో పక్క గీత దగ్గర నుంచి మైదానంలోకి పరుగు మొదలుపెట్టిన క్షణంలో మడమ నరం తెగింది. ఎవరూ తగల్లేదు. డిసెంబరులో తిరిగి వచ్చి కొద్దిసేపే ఆడినా ప్రాణం పెట్టి ఆడాడు. డెన్వర్ 3 ఏళ్లకు 3.5 కోట్లు ఇస్తోందంటే ఆ కొద్దిసేపటి ఆట చూసే. బాగుండాలి.

ఇక వార్డ్. గత అక్టోబరులో ఏడాది వయసు కూతుర్ని పోగొట్టుకున్నాడు. ఈ ప్రాంతంలో ఉంటే ఆ బాధే గుర్తుకొస్తోందని తనే చెప్పాడు. అతను వెళ్లడాన్ని కొందరు డబ్బు లెక్కల్లో తూచడం చూశాను. దయచేసి ఇక్కడ ఎవరూ అలా రాయవద్దు.

విశాఖ తీరం | మార్చి 12, రాత్రి 7:05

చదివి మనసు బరువెక్కింది. ఊరు మారడం ఒక్కోసారి మనిషికి మందు. ఎంచుకునే హక్కు ఉండటం ఎంత అవసరమో ఇలాంటప్పుడే తెలుస్తుంది.

క్లీవ్‌లాండ్ కోడలు | మార్చి 13, ఉదయం 9:15

అందరికీ నమస్కారం. ఎంచుకునే హక్కు అంటున్నారు కాబట్టి మా రక్షణ వరుసలోని మైల్స్ గారెట్ గురించి రాస్తాను. ఫిబ్రవరి 3న తనను వేరే జట్టుకు పంపమని అడిగాడు, గెలిచే జట్టులో ఉండాలని ఉందన్నాడు. నెల తిరిగేసరికి, మార్చి 9న, బ్రౌన్స్‌తోనే కొత్త ఒప్పందం. ఏడాదికి 4 కోట్లు, 12.35 కోట్లు గ్యారంటీ. "గెలుపు కావాలన్నాడు, డబ్బు చూడగానే చల్లబడ్డాడు" అని రెండు రోజులుగా అందరూ అతని మీద పడుతున్నారు.

నాకు ఇది నచ్చలేదు. అతని ఒప్పందానికి ఇంకా 2 ఏళ్లు ఉంది. ఫ్రీ ఏజెంట్ కాదు. జట్టు పంపనంటే ఎక్కడికి వెళ్తాడు? ఇంట్లో కూర్చుంటే జరిమానాలు పడతాయి, వయసు ఆగదు. ఉన్న ఒక్క బలంతో తనకు రావలసింది రాబట్టుకున్నాడు. నిరుడు మేము 3 గెలిచి 14 ఓడాం. అందుకు కారణం అతను కాదు. 2022లో క్వార్టర్‌బ్యాక్ దేశాన్ వాట్సన్‌కు 23 కోట్లు, ప్రతి డాలరూ గ్యారంటీగా రాసిచ్చారు. ఆ ఒక్క సంతకం కింద ఈ ఊరు ఇంకా నలుగుతోంది. తప్పుడు చోట ఇచ్చిన గ్యారంటీ ఏమి చేస్తుందో క్యాప్ లెక్కలు గారు చెప్పిన డెన్వర్ కంటే మా ఊరే పెద్ద ఉదాహరణ.

క్యాప్ లెక్కలు | మార్చి 13, ఉదయం 10:00

మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను అక్కా. ఒప్పందంలో ఉన్న ఆటగాడికి, ఒప్పందం ముగిసినవాడికి ఉన్న తేడాను చాలామంది పట్టించుకోవడం లేదు.

సియాటెల్ వాన | మార్చి 13, రాత్రి 9:20

ఇప్పుడు మా వంతు. జీనో స్మిత్‌ను మూడో రౌండ్ పిక్‌కు లాస్ వేగస్‌కు, డీకే మెట్‌కాఫ్‌ను రెండో రౌండ్ పిక్‌కు పిట్స్‌బర్గ్‌కు పంపి, మిన్నెసోటా నుంచి క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నాల్డ్‌ను తెచ్చారు. 3 ఏళ్లకు 10.05 కోట్లు, అందులో 5.5 కోట్లు గ్యారంటీ. ఇక్కడ సగం మంది సంబరంలో ఉన్నారు, సగం మంది తల పట్టుకున్నారు. మిన్నెసోటా మిత్రులు ఎవరైనా ఉంటే నిజం చెప్పండి. మాకు వచ్చింది 14 ఆటలు గెలిపించిన మనిషా, లేక చివరి రెండు ఆటల మనిషా?

మంచు సరస్సు | మార్చి 13, రాత్రి 10:40

మిన్నెసోటా నుంచి. ఇద్దరూ ఒకరే, అదే మీకు చెప్పగలిగిన నిజం. నిరుడు 1 కోటి డాలర్లకు ఒక్క ఏడాదికి వచ్చాడు, మా కొత్త క్వార్టర్‌బ్యాక్ జేజే మెకార్థీకి తోడుగా. మెకార్థీ మోకాలు దెబ్బతినడంతో భారం అంతా అతని మీద పడింది. 4,319 గజాలు, 35 టచ్‌డౌన్‌లు. జెట్స్ 2018లో మూడో పిక్‌తో తీసుకుని, చేతకానివాడని ముద్ర వేసి పంపిన కుర్రాడు అది చేస్తుంటే కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాత డెట్రాయిట్‌లో 31-9తో ఓడాం. ప్లేఆఫ్‌లో రామ్స్ చేతిలో 27-9తో ఓడాం. లాస్ ఏంజెలెస్ కార్చిచ్చుల వల్ల ఆ ఆటను అరిజోనాకు మార్చారు. నేను ఆ ఆటను మళ్లీ చూశాను. తొమ్మిది సార్లు పడిపోయాడు. అందులో లైన్ తప్పు ఉన్నవి ఉన్నాయి. బంతి వదలకుండా ఒక్క క్షణం ఎక్కువ పట్టుకున్నవీ ఉన్నాయి. ఒకసారి బంతి జారితే రామ్స్ ఆటగాడు జారెడ్ వర్స్ 57 గజాలు తీసుకెళ్లి టచ్‌డౌన్ చేశాడు. అప్పుడు డార్నాల్డ్ ముఖం చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. మా జట్టుకు వచ్చిన పాఠం ఏమిటో చూడండి: వెంటనే విల్ ఫ్రైస్‌కు 5 ఏళ్లకు 8.8 కోట్లు ఇచ్చారు, సెంటర్ రయన్ కెల్లీని తెచ్చారు. ఇవన్నీ డార్నాల్డ్‌కు నిరుడే ఇచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది.

మీరు అతనికి మంచి లైన్ ఇవ్వండి. ధర గురించి దిగులు వద్దు. క్వార్టర్‌బ్యాక్‌లకు ఏడాదికి 5 కోట్లు దాటిన రోజుల్లో 3.35 కోట్లు భయపడాల్సిన మొత్తం కాదు. గ్యారంటీ కూడా సగానికి కాస్త పైనే.

సియాటెల్ వాన | మార్చి 13, రాత్రి 10:58

ఇంత నిజాయతీగా రాసినందుకు కృతజ్ఞతలు. మా లైన్ గురించే నా భయం.

ఫ్రిస్కో వాసి | మార్చి 14, మధ్యాహ్నం 12:30

సియాటెల్ గారూ, మా డిమార్కస్ లారెన్స్ కూడా మీ దగ్గరకే వస్తున్నాడు. 2014 నుంచి మా జట్టే. వెళ్తూ, డల్లాస్‌లో ఉంటే సూపర్ బౌల్ గెలవలేనని తెలుసు అన్నాడు. మా రక్షణలో ముఖ్యుడైన మైకా పార్సన్స్ దానికి బహిరంగంగానే గట్టిగా బదులిచ్చాడు. ఇద్దరూ నిన్నటిదాకా ఒకే వరుసలో భుజం భుజం కలిపి ఆడినవాళ్లు. బాధేసింది.

లారెన్స్ అన్నది కటువుగా ఉన్నా, మా యాజమాన్యం ఆ మాటను చెవిన వేసుకోవాలి. పార్సన్స్ కొత్త ఒప్పందం ఇంకా తేల్చలేదు. గారెట్ 4 కోట్లకు చేరాక, ఆలస్యం చేసిన ప్రతి వారం ధర పెరుగుతుంది. ముందే సంతకం పెట్టించిన జట్టు ఎప్పుడూ లాభపడుతుంది. ఇది డల్లాస్ ప్రతిసారీ చూస్తూనే ఉంది, ప్రతిసారీ ఆలస్యం చేస్తూనే ఉంది.

బే ఏరియా ఎరుపు | మార్చి 14, రాత్రి 8:45

సియాటెల్‌కు కూపర్ కప్ కూడా! రామ్స్ వదిలేసిన రెండు రోజులకే, 3 ఏళ్లకు 4.5 కోట్ల దాకా. అతని సొంత ఊరు వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా. మా విభాగంలోనే మళ్లీ ఎదురుపడతాడు.

క్లీవ్‌లాండ్ కోడలు | మార్చి 16, రాత్రి 11:10

గారెట్ రికార్డు వారం రోజులే నిలిచింది. మా రాష్ట్రంలోనే, సిన్సినాటిలో, బంతి పట్టే జమార్ చేస్‌కు 4 ఏళ్లకు 16.1 కోట్లు. క్వార్టర్‌బ్యాక్ కానివాళ్లలో ఇప్పుడు అందరికంటే ఎక్కువ అతనికే. టీ హిగిన్స్‌కు 4 ఏళ్లకు 11.5 కోట్లు. ఇద్దరినీ ఉంచమని వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జో బర్రో నెలల తరబడి బహిరంగంగా అడుగుతూ వచ్చాడు. ఆటగాడు తన తోటివారి కోసం అలా నిలబడటం నాకు ఎంతో నచ్చింది. ఫ్రిస్కో గారూ, మీ పార్సన్స్ ధర మళ్లీ పెరిగినట్టే.

ఫ్రిస్కో వాసి | మార్చి 16, రాత్రి 11:22

ఆ వార్త చూడగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన అదే అక్కా.

జెర్సీ నీలం | మార్చి 16, రాత్రి 11:40

సిన్సినాటి నిరుడు 9 గెలిచింది, ప్లేఆఫ్‌కు రాలేదు. బంతి పట్టేవాళ్లకు ఇంత పెట్టాక, 17.5 శాక్‌లతో లీగ్‌లో మొదటివాడైన ట్రే హెండ్రిక్సన్‌కు ఏమి ఇస్తారు? వేరే జట్టు వెతుక్కోమని అతనికి అనుమతి ఇచ్చేశారు. రక్షణ లేకుండా 35 పాయింట్లు చేసి 38 ఇచ్చుకుంటే లాభమేమిటి?

మా దగ్గర జెవాన్ హాలండ్, పాల్సన్ అడెబో వచ్చారు. వెనుక వరుస బాగుపడింది. క్వార్టర్‌బ్యాక్ స్థానంలో మాత్రం నడిపించగల మనిషి లేడు. అనుభవమున్న క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రోడ్జర్స్ ఇంకా ఏమీ తేల్చలేదు. ఏప్రిల్ 24న గ్రీన్ బేలో డ్రాఫ్ట్, మాది మూడో పిక్. ఈ లోపు ఎవరో ఒక అనుభవజ్ఞుడిని తీసుకోక తప్పదు.

విశాఖ తీరం | మార్చి 17, ఉదయం 8:05

ఒక్క వారంలో ఇంత నేర్చుకుంటానని అనుకోలేదు. ఫిల్లీ గారూ, మీ జట్టు ఇంకా ఎవరినీ పెద్దగా తీసుకోలేదు. పరిహారపు పిక్‌ల లెక్క ఎప్పటిదాకా నడుస్తుంది?

ఫిల్లీ పక్షి | మార్చి 17, ఉదయం 9:30

డ్రాఫ్ట్ ముగిసిన తర్వాతి సోమవారం దాకా. ఆ సాయంత్రం దాటాక ఎవరిని తీసుకున్నా లెక్కలోకి రారు. బెక్టన్‌ను నిరుడు సరిగ్గా ఆ వేళకే తెచ్చారు. ఇప్పుడు అతని ఒప్పందం ముగిసింది కాబట్టి కుడి గార్డ్ స్థానం ఖాళీ. స్వెట్ స్థానంలో అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదకు దూకేవాడు ఒకరు కావాలి. ఆ రెండూ ఎవరితో నింపుతారో అప్పుడు ఇక్కడే మాట్లాడుకుందాం. బోస్టన్ గారూ, విలియమ్స్‌ను బాగా చూసుకోండి. మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) గార్డ్‌కూ సెంటర్‌కూ మధ్య సందులోకి పంపండి, అతని అసలు బలం అక్కడే.